శ్రీలంక ఎన్నికలు: మూడు శాతం మనిషి గెలుస్తాడా?

(2024 సెప్టెంబర్ 8, ఆదివారం నాడు మన మండల రైతు సంఘం నెలవారీ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



మన లంకలు మునిగి ఇంకా వారం తిరగలేదు. ఈ నెల 2న ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల 43 వేల క్యూసెక్కులు పోయింది. మన ఎరుకలో అంత వరద లేదు. పసుపు కుళ్లింది, అరటి పడిపోయింది, కంద మట్టిలోనే పోయింది. ఇలాంటప్పుడు మన లంక సంగతి వదిలేసి ఆ లంక సంగతి ఏంట్రా అని మా ఇంటావిడే అడిగింది పొద్దున. న్యాయమైన ప్రశ్నే. మనలో సగం మంది నిన్నటి చవితి పందిట్లో కూడా నష్టం లెక్కలే మాట్లాడుకున్నారు. కానీ పోయిన నెల తరగతిలో ఈ విషయం మీద ఎంత గొడవైందో మీకు గుర్తుంది. టీ తాగకుండా లేచిపోయినవాళ్లున్నారు. ఆ రోజే సంఘం పెద్దలు నాతో, "నువ్వు చదువుకుని వచ్చి వచ్చే నెల మాట్లాడు" అన్నారు. నా చదువు పదో తరగతి. పేపర్లు చదివాను, మా మేనల్లుడితో ఫోన్లో వెతికించి చదివించుకున్నాను, లెక్కలు రాసుకున్నాను. తప్పులుంటే మధ్యలోనే ఆపండి.

గొడవ ఏమిటి? ఈ నెల 21, శనివారం శ్రీలంకలో అధ్యక్ష ఎన్నిక. బరిలో 38 మంది ఉన్నారు, వాళ్లలో ఒక్క ఆడమనిషీ లేదు. లెక్కలోకి వచ్చేవాళ్లు నలుగురు. ఇప్పుడు గద్దె మీదున్న రణిల్ విక్రమసింఘే, ప్రతిపక్ష నాయకుడు సజిత్ ప్రేమదాస, రాజపక్సల ఇంటి కుర్రాడు నామల్, నాలుగో మనిషి అనుర కుమార దిసనాయకే. మన గొడవంతా ఈ నాలుగో మనిషి గురించే. మన పెద్దాయన, అదిగో స్తంభం పక్కన కూర్చున్నారు, ఆయన మాట "పోయినసారి మూడు శాతం వచ్చినవాడు ఈసారి గెలుస్తాడా, పగటి కల" అని. కుర్రాళ్ల మాట "సభలు చూడండి బాబాయ్, ఇసకేస్తే రాలటం లేదు" అని. ఇద్దరి దగ్గరా సగం సగం నిజం ఉంది.

ముందు అక్కడి రైతుకు ఏం జరిగిందో చెప్పుకోవాలి. అది తెలియకపోతే ఓటు ఎటు పోతుందో అందదు.

2019 నవంబర్‌లో గొటబాయ రాజపక్స 52 శాతం ఓట్లతో గెలిచాడు. వరి రైతుకు ఎరువు ఉచితం అని చెప్పాడు, గెలిచాక ఇచ్చాడు కూడా. ఆ మనిషే 2021 ఏప్రిల్ ఆఖర్లో రసాయన ఎరువులు, పురుగు మందుల దిగుమతి బంద్ అన్నాడు. మే మొదటి వారంలో గెజిట్ వచ్చేసింది. ఎన్నికల ప్రణాళికలో పదేళ్లలో సేంద్రియానికి మారతామని రాసుకున్నారు. ఆ పదేళ్ల పని పది రోజుల్లో చేశారు. అక్కడా మనలాగే రెండు పంటలు. సెప్టెంబర్ నుంచి మార్చి దాకా పెద్ద పంట, దాన్ని మహా అంటారు. వేసవిది యల. మహా పంటకు నారు పోసే వేళకి యూరియా లేదు. కొంపోస్టు చాలలేదు. చైనా నుంచి ఓడలో వచ్చిన సేంద్రియ ఎరువులో చెడ్డ బ్యాక్టీరియా ఉందని అక్కడి శాస్త్రవేత్తలు తిప్పి పంపమన్నారు. ఆ ఓడ గొడవలో డబ్బు కూడా కట్టాల్సొచ్చింది. మన దేశం నుంచి మిలిటరీ విమానాల్లో నానో యూరియా వెళ్లింది. అదేనండీ, యూరియా కట్ట కావాలంటే బుడ్డీ కూడా కొనాలని మనకు అంటగట్టారే, అదే.

2021 నవంబర్ 24న నిషేధం ఎత్తేశారు. కానీ నవంబర్ అంటే చేను నెల వయసు దాటిపోయింది. పొలం ఎండుటాకు రంగులో ఉంటే గెజిట్ ఏం చేస్తుంది? 2021లో 51 లక్షల టన్నులు దాటిన వడ్లు 2022లో 34 లక్షల టన్నుల దగ్గర ఆగాయి. మూడో వంతు గోవింద. అన్నానికి ఎవరినీ అడగని దేశం బర్మా నుంచి, మన దగ్గర నుంచి బియ్యం తెచ్చుకుంది. డాలర్లు తెచ్చిపెట్టే టీ తోటలూ దెబ్బతిన్నాయి. తర్వాత రైతులకు 4,000 కోట్ల రూపాయలు, వాళ్ల రూపాయలు లెండి, నష్టపరిహారం అన్నారు.

ఇక్కడ మనలో మనకు ఒక మాట. మన దగ్గర కొందరు "చూశారా, సేంద్రియం అంటే దేశం దివాలా" అని ప్రచారం చేస్తున్నారు. అది అబద్ధం. ఆ దేశం దివాలా తీసింది ఒక్క ఎరువుతో కాదు. 2019 డిసెంబర్‌లో వ్యాట్ 15 నుంచి 8 శాతానికి తగ్గించి ఖజానా ఖాళీ చేసుకున్నారు. అంతకుముందు ఈస్టర్ బాంబులు, తర్వాత కరోనా, టూరిస్టులు లేరు. అప్పు చూస్తే కొండంత. 2022 ఏప్రిల్ 12న విదేశీ అప్పు కట్టలేమని చేతులెత్తేశారు. విదేశీ అప్పు మొత్తం 51 బిలియన్ డాలర్లు. ఎరువు ఆపింది కూడా సగం డాలర్లు మిగల్చడానికే అని అక్కడివాళ్లే రాశారు. అంటే భూతల్లి మీద ప్రేమతో కాదు, పర్సు చూసుకుని. నేను 60 సెంట్లలో ప్రకృతి వ్యవసాయం చేస్తున్నాను, మీకు తెలుసు. మొదటి రెండేళ్లు దిగుబడి చూసి మా అబ్బాయి నాతో మాట్లాడలేదు. మూడో ఏడు కాస్త నిలబడింది. మన రాష్ట్రంలో 2016 నుంచి ఈ పని నడుస్తోంది. ఇష్టమైనవాడు, ఇష్టమైనంత చెక్కలో చేశాడు. అదే రేపు పొద్దున్నుంచి యూరియా లేదని జీవో ఇచ్చి ఉంటే నేనే ముందు రోడ్డెక్కేవాణ్ని.

ఇంకోటి గమనించండి. అక్కడి రైతులు 2021 మధ్య నుంచే రోడ్లెక్కారు. ఎండిన వరి కంకులు పట్టుకుని నిలబడ్డారు, వ్యవసాయ మంత్రి దిష్టిబొమ్మలు తగలబెట్టారు. కొలంబో పట్టించుకోలేదు. 2022 మార్చిలో కొలంబోలో గంటల తరబడి కరెంటు పోయి, గ్యాస్‌కి, పెట్రోలుకి క్యూలు కట్టాక పట్నం కదిలింది. జూలై 9న అధ్యక్ష భవనంలోకి జనం వెళ్లారు. 13న గొటబాయ దేశం దాటాడు, మర్నాడు సింగపూర్ నుంచి రాజీనామా పంపాడు. పట్నం జనం ఈత కొలనులో దూకిన వీడియోలు ప్రపంచమంతా చూసింది. ఎనిమిది నెలల ముందు రైతు పొలంలో ఏడ్చిన వీడియో ఎవరూ చూడలేదు. మనకిది కొత్తా? 2021 నవంబర్‌లోనే ఢిల్లీలో మూడు చట్టాలు వెనక్కి తీసుకుంటామని ప్రకటించారు. దానికి ఏడాది పాటు రోడ్డు మీద కూర్చోవాల్సొచ్చింది.

సరే, ఇక ఓట్ల లెక్క.

పెద్దాయన మాట పూర్తిగా నిజం. 2019లో అనురకు వచ్చింది 4 లక్షల 18 వేల ఓట్లు, 3.16 శాతం. 2020 పార్లమెంటులో 225 సీట్లకు మూడు. 2022 జూలై 20న పార్లమెంటులో కొత్త అధ్యక్షుణ్ని ఎన్నుకున్నప్పుడు రణిల్‌కి 134, ఈయనకు మళ్లీ మూడే. మూడు ఆయన్ని పట్టుకుని వదలటం లేదు. ఇప్పుడు ఓటర్లు కోటీ 71 లక్షలు. నూటికి 80 మంది ఓటేస్తే కోటీ 37 లక్షలు. సగం దాటాలంటే 68 లక్షల పైచిలుకు కావాలి. పోయినసారి వచ్చినదానికి 16 రెట్లు. ఒక్కో ఓటు 16 ఓట్లు కావాలన్నమాట. మన పొలంలో అలాంటి దిగుబడి చూశామా?

ఇక సభల సంగతి. కుర్రాళ్లు ఏమీ అనుకోవద్దు. 2014లో నేను ఎంపీటీసీకి నిలబడ్డాను. దానికి ముందు ఏడాది కాల్వ నీళ్ల కోసం ధర్నా పెడితే ఊరు ఊరంతా వచ్చింది. లాకుల దగ్గర రెండు రాత్రులు పడుకున్నాం. ఆడవాళ్లు అన్నం వండి తెచ్చారు. నీళ్లు వచ్చాయి, నన్ను భుజాల మీద ఊరేగించారు. ఓట్లు 187. డిపాజిట్ పోయింది. నన్ను మోసినవాళ్లలోనే ఒకాయన చెప్పాడు, "నీళ్లు కావాలంటే నువ్వు కావాలి అన్నా, పింఛను కావాలంటే వాళ్లు కావాలి" అని. నాకు కోపం రాలేదంటే అబద్ధం. నాలుగు రోజులు ఇంట్లోంచి బయటికి రాలేదు. కానీ ఆయన చెప్పిన మాటలో లెక్క ఉంది. ఓటు కోపంతో ఒకటే పడదు. గెలిచాక వీడు నాకేమైనా చేయగలడా అన్న నమ్మకంతో పడుతుంది. ఉత్తరప్రదేశ్ రైతులు ఢిల్లీ సరిహద్దులో ఏడాది కూర్చున్నారు, 2022 మార్చిలో అక్కడ అదే పార్టీ 255 సీట్లతో మళ్లీ వచ్చింది.

అనుర వెనకాల ఇంకో బరువుంది. ఆయన పార్టీ జేవీపీ 1971లో ఒకసారి, 1987 నుంచి 89 దాకా ఇంకోసారి తుపాకీ పట్టింది. రెండోసారి వాళ్లు చంపిందీ, ప్రభుత్వం వాళ్లను చంపిందీ కలిపితే వేలల్లో కాదు, పదివేలల్లో ఉంటుంది. 2014లో పార్టీ నాయకుడయ్యాక ఈయన ఆ రోజులకు విచారం చెప్పాడు. కానీ అరవై దాటిన పల్లె మనిషికి ఆ రాత్రులు గుర్తే. ఉత్తరాన తమిళులకు వేరే లెక్క ఉంది. 1987 ఒప్పందాన్ని, రాష్ట్రాలకు అధికారాలివ్వడాన్ని జేవీపీ వ్యతిరేకించింది. వాళ్ల ఓటు ఈయనకు పెద్దగా పడదని నా అంచనా. అక్కడి పెద్ద తమిళ పార్టీ ఈ నెల మొదటి రోజే సజిత్‌కి మద్దతు చెప్పింది. తమిళుల తరఫున ఇంకో అభ్యర్థి కూడా ఉన్నాడు.

ఇన్ని చెప్పాను కదా, అయినా ఈయన గెలిచే అవకాశం ఎక్కువ ఉందనే నేను అంటున్నాను. పెద్దాయన నవ్వుతున్నారు. నవ్వండి, వినండి.

పోయినసారి 52 శాతం గొటబాయకు పడింది. అనురాధపురం, పొలొన్నరువ, హంబన్‌తోట, అంతా చెరువుల కింద వరి పండే పల్లెలు. ఎరువు దెబ్బ తిన్నది ఎవరు? ఆయనకు ఓటేసినవాళ్లే. ఆ ఓటు రాజపక్సల ఇంటికి తిరిగి పోదు. రణిల్‌కి పోతుందా? ఆ ఇంటి మనుషుల ఓట్లతోనే రణిల్ పార్లమెంటులో గెలిచాడు. జనం ఓటుతో అధ్యక్షుడు కాలేదు. డబ్బుల్లేవని 2023 మార్చిలో జరగాల్సిన స్థానిక ఎన్నికలు కూడా పెట్టలేదు. సజిత్‌కి కొంత పోతుంది. కానీ పోయినసారి ఆ పల్లెలు కాదన్నది సజిత్‌నే. కాళ్లు విరిగిన ఓటు అంతా ఎక్కడికో అక్కడికి పోవాలి. ఇంతవరకు ఏలనివాడు ఒక్కడే మిగిలాడు. ఆయనది కూడా ఆ నేలే. అనురాధపురం జిల్లా తంబుత్తెగమ, కాల్వల కింద వరి ఊరు. తండ్రి సర్వే డిపార్టుమెంటులో చిన్న ఉద్యోగి. ఆయన 2004లో ఏడాదిన్నర లోపే అయినా వ్యవసాయ మంత్రిగా చేశాడు. (ఒక చిన్న ముచ్చట. ఆ జిల్లాలోనే అహికుంటకులని ఒక జాతి ఉంది. పాములాడించుకు బతికేవాళ్లు. ఇంట్లో ఇప్పటికీ తెలుగు మాట్లాడతారు. వాళ్ల ఓటు ఎటో నాకు తెలిస్తే బాగుండు.)

రణిల్ పక్షం చెప్పేదీ వినాలి. ఆయన వచ్చినప్పుడు ధరలు ఏడాదికి 70 శాతం పెరుగుతున్నాయి. ఇప్పుడు ఆ పెరుగుదల దాదాపు ఆగిపోయింది. క్యూలు లేవు. ఐఎంఎఫ్ నుంచి 2023 మార్చిలో 3 బిలియన్ డాలర్ల ఒప్పందం తెచ్చాడు. ఈసారి ఆయన గుర్తు గ్యాస్ సిలిండర్. ఏ గ్యాస్ కోసం జనం రాత్రుళ్లు రోడ్డు మీద పడుకున్నారో ఆ బండే. నేను తెచ్చిపెట్టాను అని చెప్పుకోవడానికి అంతకన్నా మంచి గుర్తు లేదు. కానీ ధర పెరగటం ఆగడం వేరు, తగ్గడం వేరు. బస్తా బియ్యం రెట్టింపయ్యి అక్కడే నిలబడితే పేపరోడు ద్రవ్యోల్బణం తగ్గింది అని రాస్తాడు, కొనేవాడికి తగ్గిందేమీ ఉండదు. కరెంటు చార్జీలు 2022 ఆగస్టులో 75 శాతం, 2023 ఫిబ్రవరిలో మళ్లీ 66 శాతం పెంచారు. వ్యాట్ ఈ జనవరి నుంచి 18. నలుగురిలో ఒకరు పేదరికంలో ఉన్నారని ప్రపంచ బ్యాంకే రాసింది. కరెంటు చార్జీల సంగతి మనకంటే ఎవరికి తెలుసు? 2000లో పెంచారు, ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో కాల్పులు జరిగాయి. ఓటు మాత్రం 2004లో పడింది. నాలుగేళ్లు జనం మర్చిపోయినట్టే ఉన్నారు. పైగా మధ్యలో కరువు వచ్చింది, ఆత్మహత్యలు వచ్చాయి. అప్పుడు 294లో అధికార పార్టీకి మిగిలింది 47. ఎన్నికల ముందు రోజు దాకా హైదరాబాదు చూసినవాళ్లెవరూ ఆ మాట అనలేదు. పట్నం కంటికి పల్లె కోపం ఆలస్యంగా కనపడుతుంది.

అందుకని నా అంచనా ఇది. అనుర మొదటి స్థానంలో ఉంటాడు. కానీ సగం దాటడు. అక్కడ బ్యాలెట్ మీద ఒకటి, రెండు, మూడు అని ఇష్టాలు రాసే పద్ధతుంది. ఎవరికీ సగం రాకపోతే పైన ఇద్దర్ని ఉంచి, మిగతావాళ్లకు పడిన ఓట్లలో రెండో, మూడో ఇష్టం ఎవరికుందో చూసి ఆ ఇద్దరికీ కలుపుతారు. 1982 నుంచి ఇన్ని ఎన్నికల్లో ఎప్పుడూ ఆ అవసరం రాలేదు. ఈసారి వస్తుందనుకుంటున్నాను. ఆయనకు ప్రమాదం కూడా అక్కడే ఉంది. రణిల్, సజిత్ ఒకప్పుడు ఒకే పార్టీ. రణిల్‌కి వేసినవాడు రెండోది రాస్తే సజిత్‌కే రాస్తాడు. అయితే ఎక్కువమంది ఒక్కటే రాసి పెట్టెలో వేస్తారు, అలవాటు అది. మొదటి లెక్కలో రెండు మూడు శాతం తేడా ఉంటే అనుర గట్టెక్కుతాడు. తేడా అంతకు తగ్గితే చెప్పలేం. పెద్దాయనా, పందెం కాయమంటే దీని మీదే కాస్తాను.

ఇక గెలిస్తే? కుర్రాళ్లకు ఇదే చెప్పాలని వచ్చాను, అసలు. గెలిచిన మర్నాడు పార్లమెంటులో ఆయనకుండేది మూడు సీట్లు. దాన్ని రద్దు చేసి మళ్లీ ఎన్నికలకు పోవాల్సిందే. ఐఎంఎఫ్ ఒప్పందం నాలుగేళ్లది. దాన్ని చించేస్తానని ఆయనా అనటం లేదు, మళ్లీ మాట్లాడతానంటున్నాడు. 2022లో మన దేశం ఇచ్చిన సాయం దాదాపు 4 బిలియన్ డాలర్లు. మొన్న ఫిబ్రవరిలో మన ప్రభుత్వం పిలిస్తే ఆయన ఢిల్లీ వచ్చి వెళ్లాడు. ఒకప్పుడు ఇండియా పేరెత్తితే మండిపడిన పార్టీ అది. ఎరువు ధర తగ్గిస్తామని పెద్ద అభ్యర్థులంతా పల్లెల్లో చెబుతున్నారు. సబ్సిడీకి డబ్బు ఎక్కడిది? అప్పులోడు వాకిట్లో కూర్చున్న ఇల్లది. పండగకి కొత్త బట్టలు కొంటానంటే ఇంటి యజమాని ఎవరైనా సరే అప్పులోడి మొహం చూడాలి. వడ్లకు గిట్టుబాటు ధర అడిగితే ఆయన ఏం చెబుతాడో నాకు చూడాలనుంది. పెద్ద మిల్లర్లు చెప్పిన ధరకే అక్కడి రైతూ అమ్ముతున్నాడు. ఆ మిల్లర్లను కదిలిస్తేనే ఈయన వేరే మనిషని నేను ఒప్పుకుంటాను.

పోయిన నెల ఒక కుర్రాడు లేచి "ఆయన గెలిస్తే మన దగ్గరా దారి తెరుచుకుంటుంది" అన్నాడు. దారి ఏమీ తెరుచుకోదు నాయనా. అక్కడ దేశం దివాలా తీసి, గ్యాస్ క్యూలో మనుషులు చచ్చిపోయాక గానీ మూడు శాతం మనిషి వైపు జనం చూడలేదు. అలాంటి రోజు మనకు రావాలని నేను కోరుకోలేను. 187 ఓట్లతోనే ఉంటాను కావాలంటే.

ఇంకో రెండు మాటలు మన పని గురించి. పంట నష్టం రాసుకునేవాళ్లు వచ్చే వారం మన ఊళ్లకు వస్తున్నారు. పోయినసారి తుపానుకి ఏం జరిగిందో తెలుసు. పొలం ఎవరి పేరున ఉంటే డబ్బు వాళ్లకే పడింది, కౌలుకు చేసి మునిగినవాడికి రూపాయి రాలేదు. కౌలు కార్డు లేకపోయినా చేలో నిలబడి పేరు రాయించండి. చుట్టుపక్కల రైతుల సంతకాలు పెట్టించండి, ఫోటో తీసుకోండి. అధికారి రాయనంటే సంఘానికి ఫోన్ చేయండి, అరగంటలో నలుగురం వస్తాం. పసుపు, కంద నేలలో ఉంటాయి కాబట్టి పైకి బాగానే ఉందని రాసుకుపోతారు. తవ్వి చూపించండి.

22వ తేదీ సాయంత్రానికి లంక ఫలితం తెలుస్తుంది. వచ్చే తరగతికి టీ డబ్బులు నావో, పెద్దాయనవో చూద్దాం.